రైలు చక్రానికి ఎదురు నిలిచే ఇన్సర్ట్

సరుకు రైలుకు బ్రేకు పట్టేసి చక్రం తిరగడం మానేస్తే, అది పట్టా మీద అలాగే ఈడ్చుకుపోతుంది. రాపిడికి పట్టాకు తగిలే కాస్త చోటు ఎర్రగా కాలుతుంది. మరుక్షణమే చక్రంలోని మిగతా ఉక్కు ఆ వేడినంతా లాగేసుకోవడంతో చప్పున చల్లారుతుంది. అలా చల్లారిన ఉక్కు విపరీతంగా గట్టిపడి, పెళుసుబారుతుంది. దాన్ని మార్టెన్‌సైట్ అంటారు. పైగా చక్రం అక్కడ గుండ్రం తప్పి చదునవుతుంది. ఆ చదును పొడవు వ్యాగన్లకు 60 మిల్లీమీటర్లు, ప్రయాణికుల పెట్టెలకూ ఇంజన్లకూ 50 మిల్లీమీటర్లు మించకూడదని మన రైల్వే నియమం. మించితే చక్రాన్ని లేత్ ఎక్కించాల్సిందే. సికింద్రాబాద్‌లోని లాలాగూడ, విజయవాడ దగ్గరి రాయనపాడు వర్క్‌షాపుల్లో ఇది నిత్యం జరిగే పని.

లేత్ టూల్ హోల్డర్‌లో బిగించి లోహాన్ని కోసే కార్బైడ్ ముక్కే ఇన్సర్ట్. ఆ చక్రం మీదికి ఏ ఇన్సర్ట్ పంపాలి? భారీ టర్నింగ్‌లో ఇన్సర్ట్ ఎంపిక ఎంత మెలకువతో కూడినదో తెలియాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముందు బరువు సంగతి చూడాలి. వ్యాగన్ చక్రం కొత్తలో 1000 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది. నిమిషానికి 60 మీటర్ల వేగంతో కోయాలంటే అది నిమిషానికి 19 చుట్లు తిరిగితే చాలు. చూసేవారికి ఎంతో నెమ్మదిగా అనిపిస్తుంది. కానీ 10 మిల్లీమీటర్ల లోతు, చుట్టుకు ఒక మిల్లీమీటరు ఫీడ్ (టూల్ జరిగే దూరం) ఇస్తే, మామూలు ఉక్కులోనే ఇన్సర్ట్ అంచు మీద పడే బలం సుమారు 1.7 టన్నులు. దానికి 17 కిలోవాట్ల శక్తి కావాలి. నిమిషానికి నాలుగున్నర కిలోలకు పైగా లోహం చిప్స్‌గా రాలుతుంది. చక్రాల లేత్ ఇరుసుకున్న రెండు చక్రాలనూ ఒకేసారి కోస్తుంది కాబట్టి ఈ లెక్క రెట్టింపు. ఇక చదును ఉన్న చోట ప్రతి చుట్టులోనూ మెత్తని ఉక్కు నుంచి గట్టి ఉక్కులోకి ఇన్సర్ట్ దబ్బున దిగాలి. ఆ దెబ్బ నిమిషానికి 19 సార్లు.

అందుకే ఇక్కడ వాడే ఇన్సర్ట్ రూపమే వేరు. మామూలు హోల్డర్‌లో ఇన్సర్ట్ పడుకుని ఉంటుంది. కోత బలం దాని పలుచని మందం మీద పడుతుంది. చక్రాలకు వాడే ఎల్ఎన్ఎంఎక్స్ 301940ను నిలబెట్టి బిగిస్తారు. పొడవు 30 మిల్లీమీటర్లు, బలం పడే దిశలో మందం 19 మిల్లీమీటర్లు, మూల రేడియస్ 4 మిల్లీమీటర్లు. అంటే దెబ్బ పడే దిక్కున దాదాపు రెండు సెంటీమీటర్ల కార్బైడ్ ఉందన్నమాట.

ఇప్పుడు చిన్న వర్క్‌షాపుకి వద్దాం. చాలా చోట్ల టూల్ డ్రాయర్ తెరిస్తే కనిపించేది ఒక్కటే: సీఎన్ఎంజీ 120408. ఇది మంచి ఇన్సర్టే. 80 డిగ్రీల మూల, రెండు వైపులా చిప్‌ను విరిచే గాడి (చిప్ బ్రేకర్), 4.76 మిల్లీమీటర్ల మందం, 0.8 మిల్లీమీటర్ల రేడియస్ అని ఆ అక్షరాలూ అంకెలూ చెబుతాయి. చిక్కల్లా దానితోనే అన్ని పనులూ కానిచ్చేయాలనుకోవడంలో ఉంది. ఫోర్జింగ్ షాఫ్ట్ మీద 10 మిల్లీమీటర్ల కట్ తీయమంటే అది మూల విరిగి కూర్చుంటుంది. తప్పు దానిది కాదు.

అలాంటి జాబ్‌కి సరిపోయేది ఎస్ఎన్ఎంఎం 250924 లాంటిది: చతురస్రం, 25 మిల్లీమీటర్ల అంచు, తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందం, 2.4 మిల్లీమీటర్ల రేడియస్. అంచు పొడవులో మూడింట రెండు వంతుల లోతు వరకూ చతురస్రపు ఇన్సర్ట్ నిలబడుతుందని తయారీదారులే చెబుతారు. అయితే దీనికి చిప్ బ్రేకర్ ఒకవైపే ఉంటుంది. యజమానికి ఇక్కడే గుండె కలుక్కుమంటుంది. ఎస్ఎన్ఎంజీ అయితే తిప్పి వేసుకుంటే ఎనిమిది మూలలు, ఎస్ఎన్ఎంఎంకి నాలుగే! మూలకు ఇన్ని రూపాయలని లెక్కేస్తే నష్టమే మరి. కానీ రెండు వైపులా చిప్ బ్రేకర్ ఉన్నది తన కిందివైపు గాడులు పోగా మిగిలిన చోటు మీదే కూర్చుంటుంది. ఒకవైపు ఉన్నది అడుగంతా సీటుకు ఆనించి కూర్చుంటుంది. టన్నుల బరువు పడేటప్పుడు ఆ ఆనికే ప్రాణం. విరిగిపోయే ఎనిమిది మూలల కన్నా నిలిచే నాలుగు మూలలు చవక.

ఇక గ్రేడ్, అంటే ఇన్సర్ట్‌ను ఏ మిశ్రమంతో చేశారన్నది. జర్మనీలో బల్బుల కంపెనీ ఆస్రామ్‌లో పనిచేసిన కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని లోహంతో కలిపి కాల్చి ముద్ద చేసే పద్ధతికి 1923లో పేటెంట్ తీసుకున్నాడు. ఫిలమెంట్ తీగ లాగడానికి వాడే ఖరీదైన వజ్రపు డైలకు బదులు ఏదైనా దొరుకుతుందా అన్నది వాళ్ళ తాపత్రయం. క్రుప్ కంపెనీ దాన్ని విడియా పేరుతో బజారులో పెట్టింది. మన పాత టర్నర్లు ఇప్పటికీ కార్బైడ్ అనరు, విడియా అనే అంటారు. కార్బైడ్ రేణువుల్ని పట్టి ఉంచేది కోబాల్ట్. అది తక్కువైతే అరుగుదలకు తట్టుకుంటుంది కానీ దెబ్బకు పెటిలిపోతుంది. ఎక్కువైతే దెబ్బకు ఆగుతుంది కానీ త్వరగా అరుగుతుంది. ఉక్కు కోసే పీ వర్గంలో పీ10 నుంచి పీ50 వైపు వెళ్ళేకొద్దీ గ్రేడ్‌కు ఓర్పు పెరుగుతుంది. నున్నని బార్ మీద ఏకధాటి కోతకు పీ15 చాలు. గుండ్రం తప్పిన ఫోర్జింగ్‌కు పీ35 దాకా పోవాలి.

గడ్డం గీసే బ్లేడుతో కట్టెలు కొట్టరు. రఫ్ కట్ ఇన్సర్ట్ అంచు వాడిగా ఉండకూడదన్నది కొత్తవాళ్ళకు ఓ పట్టాన మింగుడుపడదు. దాని అంచును కొద్దిగా గుండ్రం చేసి, వెంబడే సన్నని పట్టీలా ఏటవాలు చెక్కుతారు. దెబ్బ కొన మీద కాకుండా వెనకున్న దళసరి మీద పడడానికే అది. మూల రేడియస్ కూడా పెద్దదే కావాలి, ఎందుకంటే ఫీడ్ రేడియస్‌లో సగం దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలత. 0.8 రేడియస్‌తో ఒక మిల్లీమీటరు ఫీడ్ ఇవ్వడమంటే విరగ్గొట్టడమే. అలాగని సన్నని పొడుగు షాఫ్ట్ మీద పెద్ద రేడియస్ పెడితే అది జాబ్‌ని పక్కకు నెట్టి, చాటర్ (అదురు) మొదలవుతుంది. టూల్ అరవడం మొదలెడితే అక్కడ ఆపాల్సిందే.

ఫోర్జింగ్ పైనుండే పెచ్చు సంగతి వేరే చెప్పాలి. అది లోపలి ఉక్కు కంటే గట్టిది, గరుకైనది. కట్ లోతు సరిగ్గా ఆ పెచ్చు దగ్గరే ఆగితే అంచు మీద అక్కడే గాడి పడుతుంది. మొదటి కట్‌లోనే పెచ్చు కిందికి దిగిపోవాలి. 45 డిగ్రీల్లో బిగించిన చతురస్రపు ఇన్సర్ట్‌కు ఇక్కడ మరో మేలుంది: అదే ఫీడ్‌కు చిప్ మందం 70 శాతానికి తగ్గుతుంది, కోత అంచు పొడవునా పరుచుకుంటుంది.

తర్వాత తేల్చాల్సింది వేగం. ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ అమెరికాలో 26 ఏళ్ళపాటు ప్రయోగాలు చేసి, సుమారు 360 టన్నుల ఇనుమూ ఉక్కూ చిప్స్‌గా మార్చి వేగానికీ టూల్ ఆయుష్షుకీ ఉన్న సంబంధం గురించి 1906లో బయటపెట్టిన సూత్రం ఇంకా చెల్లుతోంది. ఆ సూత్రంలో మామూలుగా కార్బైడ్‌కు తీసుకునే ఘాతాంకంతో లెక్కేస్తే, వేగం 20 శాతం పెంచితే అంచు ఆయుష్షు సగమైపోతుంది. లోతు, ఫీడ్ పెంచితే ఇంత నష్టం ఉండదు. కాబట్టి మోటారు మోసినంత లోతు ముందు, ఆపై ఫీడ్, చివరికే వేగం. మన దగ్గర దీన్ని తలకిందులు చేసే షాపులే ఎక్కువ. ఐదు కిలోవాట్ల లేత్‌కి 25 మిల్లీమీటర్ల ఇన్సర్ట్ కొనడమూ అలాంటి పనే. దాని సత్తా చూపించే కట్ ఆ మిషన్ తీయలేదు.

కూలెంట్ కూడా గుడ్డిగా పోయకూడదు. తెగి తెగి సాగే కోతలో అంచు కాలుతూ, తడుస్తూ ఉంటే దువ్వెన పళ్ళలాంటి పగుళ్ళు వస్తాయి. చక్రాల లేత్ మీద సాధారణంగా పొడిగానే కోస్తారు.

కొత్త ఇన్సర్ట్ కొనబోయేవారు కేటలాగ్ తెరవకముందే మూడు సంగతులు రాసుకోవాలి: జాబ్ ఏ ఉక్కు, దాని పైపొర ఎలా ఉంది, మిషన్ మోటారు ఎన్ని కిలోవాట్లు. వాడేసిన ఇన్సర్ట్‌లను స్క్రాప్ డబ్బాలో పడేయకుండా, ఏ జాబ్ మీద పోయిందో చీటీ రాసి పది ముక్కలు దాచిపెట్టండి. మూల విరిగిందా, పైన గుంట పడిందా, పక్క అరిగిందా అన్నది భూతద్దంలో చూపిస్తే, అమ్మే మనిషి కూడా సరైన గ్రేడే చెబుతాడు.