పాపకు ఒక చెంబు

రెండేళ్ల పిల్లలకు మొక్కల మధ్య కావలసింది ఆట కాదు, పని. మా మిద్దె మీద నాకు రోజూ కనిపిస్తున్న సంగతి ఇది. రోహిణి ఎండలు తగ్గి మృగశిర కార్తె వచ్చింది, విత్తనాల దుకాణాల ముందు మళ్లీ జనం నిలబడుతున్నారు. ఇంట్లో చంటిపిల్లలున్న చాలామంది మాత్రం "పాప కాస్త పెద్దదయ్యాక పెట్టుకుందాంలే తోట" అని వాయిదా వేస్తున్నారు. ఇప్పుడే పెట్టండి అంటాను నేను. బడికి పోయే వయసు వచ్చాక మొక్క పిల్లలకు పాఠం అయిపోతుంది. రెండేళ్లప్పుడు అది ఇంటి పని, అమ్మ చేసేది, నానమ్మ చేసేది, అందుకని తానూ చేయవలసినది.

మా పాపకు తోటపని బొమ్మల పెట్టె ఒకటి కానుకగా వచ్చింది. ప్లాస్టిక్ పార, ప్లాస్టిక్ గంప, నీళ్లు సరిగ్గా కారని ఒక డబ్బా. పార మట్టిలో దిగదు. పాప వాటిని కాసేపు తిప్పి చూసి పక్కన పెట్టేసింది. నానమ్మ చేతిలో ఉన్న పాత స్టీలు చెంబు కోసం మాత్రం ఏడ్చి సాధించుకుంది. ఆ చెంబుతో నిజంగా నీళ్లు వస్తాయి, నీళ్లు పోస్తే మట్టి రంగు మారుతుంది. పిల్లలు అడిగేది ఇదే: తాము చేసిన పనికి ఏదో ఒకటి జరగాలి. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఇక్కడి టీచర్లకు శిక్షణ ఇచ్చిన మనిషి. పసిపిల్లలకు నిజమైన పనిముట్లు, వాళ్ల చేతికి సరిపోయే సైజులో ఇవ్వాలని ఆమె జీవితమంతా చెప్పింది. మా అత్తమ్మ ఆమె పేరు కూడా వినలేదు. నల్లగొండ జిల్లా పల్లెలో పెరట్లో పాదులు పెట్టుకుంటూ పిల్లల్ని పెంచిన మనిషి. కుండీలో నీళ్లు ఎక్కువవుతున్నాయని నేను పాప చేయి పట్టుకోబోతే, "పొయ్యనియ్యి బిడ్డా, ఎక్కువైతే కిందికే పోతయి. కుండీకి బొక్కలున్నయి గదా" అంది.

ఆ మాటలో తోట వేసే పద్ధతే ఉంది. పిల్ల చేయి ఆపడం కంటే, పిల్ల చేయి తట్టుకునే మొక్కను ఆమె ముందు పెట్టడం మేలు. అందుకే మా మిద్దె మీద కింది వరుసంతా పాపది. అక్కడ బచ్చలి, పుదీనా, పొన్నగంటి, గంగవాయిలి కూర ఉంటాయి. మొదటి మూడూ నీళ్లంటే ఇష్టపడే మొక్కలు. పొన్నగంటి మామూలుగా పెరిగేదే కాలువ గట్ల మీద, పొలం ఒడ్ల మీద. రోజుకు నాలుగు చెంబులు పోసినా దానికి బాధ లేదు. పైగా ఇవన్నీ కాడ గుచ్చితే బతికేవి. పసిపిల్లలు మొక్కను పీకి చూస్తారు, కింద ఏముందో తెలుసుకోవాలని. పీకిన పుదీనా కాడను మళ్లీ మట్టిలో గుచ్చితే కొన్నాళ్లకు వేళ్లు దిగుతాయి. గంగవాయిలి అయితే తెగి పడిన ముక్క కూడా తడి మట్టి తగిలితే నాటుకుంటుంది. దాని దళసరి కాడల్లో నీరు దాచుకుంటుంది కాబట్టి ఒక పూట నేల మీద పడి ఉన్నా చావదు. పొద్దున పాప పీకింది, సాయంత్రం పాపే నాటింది, మొక్క నిలబడింది. దానికి కోప్పడాల్సిన అవసరం ఎవరికీ రాదు.

బెండ, ముల్లంగి, క్యారెట్, బీర, సొర మాత్రం పై వరుసలో పెట్టాలి. వీటి వేరు ఒకసారి కదిలితే మొక్క కోలుకోవడం కష్టం. ముల్లంగి, క్యారెట్ అయితే వేరే దుంప కాబట్టి వంకర తిరుగుతుంది. బెండ మీద నూగు చేతులకు దురద పెడుతుంది. వంకాయ తొడిమకు ముళ్లుంటాయి. మిరప అసలు పిల్ల చేతికి అందకూడదు, కాయ తుంచిన చేత్తో కళ్లు నులుముకుంటే ఆ మంట అంతా ఇంతా కాదు. టమాటా మధ్య వరుసలో ఉండవచ్చు. పండిన టమాటాను పట్టుకుని కాస్త తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది, పండనిది అంత తేలిగ్గా రాదు. ఏది కోయాలో, ఏది కోయకూడదో కాయే చెబుతుంది.

విత్తడంలో కూడా పాపకు వాటా ఉంది. చిక్కుడు, సొర, కాకర గింజలు పెద్దవి, చిన్న వేళ్లకు పట్టు దొరుకుతుంది. వేలితో ఒక గుంట, గుంటలో ఒక గింజ, పైన మట్టి. తోటకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, దాన్ని గుప్పెడు ఇసుకలో కలిపి ఇస్తే పాప చల్లుతుంది, ఒకేచోట కుప్ప పడకుండా ఉంటుంది. మెంతులు రాత్రి నానబెట్టి వేస్తే రెండు మూడు రోజుల్లోనే మొలక పైకి వస్తుంది. రెండేళ్ల మనిషికి గుర్తుండే దూరం అంతే కనుక మొదటి పంటగా మెంతికూరను మించింది లేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన పని ధనియాలది. ధనియం ఒక్క గింజలా కనిపిస్తుంది కానీ లోపల రెండు బద్దలుంటాయి. నలిపి విడదీసి వేస్తేనే కొత్తిమీర బాగా మొలుస్తుంది. ధనియాలను గుడ్డలో పోసి పాప చేతికి చపాతీ కర్ర ఇస్తాం. కర్ర దొర్లుతుంటే గుడ్డలో నుంచి చిటపట వినిపిస్తుంది. ఆ పని అయిపోయిందంటే ఒప్పుకోదు. "మల్లీ" అంటుంది.

సాయంత్రం పూట పని వేరు. బీరపూలు పొద్దు వాలేటప్పుడు విచ్చుకుంటాయి, సరిగ్గా పాప మధ్యాహ్నం నిద్ర లేచి పాలు తాగి పైకి వచ్చే వేళకు. మేడల మధ్య ఇళ్లలో ఆ వేళకు తిరిగే పురుగులు తక్కువ కనుక మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు మనమే అంటించాలి. మగపూలు గుత్తులుగా వస్తాయి, ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని కిందే వేలెడంత పిందె ఉంటుంది. "పిందె ఉన్న పువ్వు ఏది?" అంటే పాప పందిరి కింద నిలబడి తలెత్తి వెతుకుతుంది. మగపువ్వు తెంపడం ఆమె పని, ఆడపువ్వుకు రాయడం నా పని. పిల్లలు పూలు తెంపుతారని భయపడే తల్లులకు ఒక మాట: తీగ మీద మగపూలు ఆడపూల కంటే చాలా ఎక్కువ పూస్తాయి, వాటిలో కొన్ని పోయినా కాయలు తగ్గవు. ఏ పువ్వు తెంపవచ్చో చూపిస్తే చాలు.

చలికాలంలో బచ్చలి పళ్లు నల్లగా పండినప్పుడు వాటిని చిదిపి చేతులకు ఊదారంగు పూసుకోని బాల్యం మన ఊళ్లలో ఉండేది కాదు. నా చేతులకూ ఆ రంగు అంటింది, మా అత్తమ్మ చేతులకూ అంటింది. పాప గౌను మీద ఆ మరకలు చూసి నాకు కోపం రాలేదు, సంతోషం వేసింది.

ఇక తిండి సంగతి. తోట పెడితే పిల్లలు ఆకుకూరలు తినేస్తారని కొందరు ఆశ పెడతారు. నేను అలా చెప్పను. రెండేళ్ల దగ్గర కొత్త రుచిని చూసి మొహం తిప్పుకోవడం ఆ వయసు స్వభావం. ఒక కూరను ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు ముందు పెడితే గానీ నోట్లోకి పోదు. తోట ఉంటే ఆ కూర కంచంలోకి రాకముందే పిల్లకు పరిచయమై ఉంటుంది, నీళ్లు పోసిందీ తుంచిందీ తానే కాబట్టి. మా పాప గోంగూర ఆకును మిద్దె మీద పచ్చిగా నమిలి పులుపుకు కళ్లు మూసుకుంటుంది. అదే గోంగూర పప్పులో వస్తే పక్కకు నెడుతుంది. తోటకూర పప్పు మీద నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, అందుకని మా ఇంట్లో నిమ్మకాయ లేకుండా ఆకుకూర పప్పు వడ్డించం. అయినా ఆకుకూర మీదే భారం వేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ వయసు వాళ్లకు వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ ఇవ్వడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. తోట ఉందని దాన్ని మానేయకూడదు. మీ ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎమ్మునో అడగండి.

మట్టిలో తిరిగే పిల్లలకు నులిపురుగుల మందు కూడా తప్పనిసరి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తారు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు సగం మాత్ర, ఆపైన పూర్తి మాత్ర. పశువుల ఎరువు పూర్తిగా మాగి, వాసన పోయి, పొడిపొడిగా అయ్యాకే కుండీల్లోకి రావాలి. పచ్చి పేడ ఉన్న చోటికి పిల్లను రానివ్వకూడదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం అందరూ మరిచిపోయేది: బకెట్టు. అడుగున జానెడు నీళ్లున్న బకెట్టులోకి తల కిందులుగా పడ్డ పసిపిల్ల తనంతట తాను లేవలేదు. పిల్ల మిద్దె మీద ఉన్నంతసేపు నీళ్ల డ్రమ్ముకు మూత, బకెట్టు ఖాళీ. నీళ్లు చెంబులోనే. పిట్టగోడ పిల్ల తల కంటే బాగా ఎత్తుండాలి, దాని పక్కన ఎక్కడానికి వీలయ్యే కుండీ గానీ ఇటుకల దొంతర గానీ ఉండకూడదు. గన్నేరు, ఉమ్మెత్త పిల్లలున్న ఇంటి మిద్దె మీద వద్దు. కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీటిని వారానికోసారైనా పారబోయాలి, డెంగీ దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి పది రోజులు చాలు. ఎండాకాలంలో స్లాబు కాలితే పిల్ల అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. మేము పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాతే పైకి వెళ్తాం. పెద్దమనిషి ఒకరు పక్కన లేకుండా పిల్ల ఒక్క నిమిషం కూడా మిద్దె మీద ఉండదు. ఇందులో సడలింపు లేదు.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోటల గురించి రాసీ, మాట్లాడీ హైదరాబాదులో ఎంతోమంది చేత కుండీలు పెట్టించారు. సొంత మిద్దె ఉన్నవాళ్లు అలా మొదలుపెట్టగలరు. ఫ్లాట్లలో ఉండే పసిపిల్లల సంగతి వేరు. చాలా అపార్టుమెంట్లలో పైకప్పు తలుపుకు తాళం ఉంటుంది. స్లాబు కారుతుందనీ, బరువు పడుతుందనీ సంఘాల వాళ్ల భయం. ఆ భయంలో న్యాయం ఉంది, తడిసిన మట్టి బరువు నిజమే. అయితే కొబ్బరిపొట్టు, వర్మి కంపోస్టు ఎక్కువ కలిపి మట్టి తగ్గిస్తే కుండీ తేలికవుతుంది. ఇనుప స్టాండ్ల మీద, దూలాలు వెళ్లే వరుసలో పెడితే స్లాబు మీద నీరు నిలవదు, బరువు ఒకేచోట పడదు. పది సంచుల ఆకుకూరకు పెద్ద చోటేమీ అక్కర్లేదు.

అందుకే అపార్టుమెంటు సంఘాల పెద్దలకు నా విన్నపం. ఈ వానాకాలం మీ పైకప్పు మీద ఒక మూల, ఎత్తైన పిట్టగోడ ఉన్న వైపు, మీ భవనంలోని చిన్నపిల్లల కోసం కేటాయించండి. రోజూ సాయంత్రం ఒక గంట తాళం తీయండి. పిల్లల వెంట వాళ్ల అమ్మో, నాన్నో, తాతో, అమ్మమ్మో తప్పక ఉండాలని నియమం పెట్టండి. కుండీలు, మట్టి ఆ ఇళ్లవాళ్లు తెచ్చుకుంటారు. చెంబులు పిల్లలే తెచ్చుకుంటారు.