సూది ఎవరికి, పేరు ఎవరికి

కామెర్లతో వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఎక్కడో పసరు తాగి ఉంటారు. తగ్గితే పసరు గొప్పతనం, తగ్గకపోతే మా దగ్గరికి. హెపటైటిస్-ఎ, ఇ వైరస్‌లు సోకితే ఏ మందూ లేకుండానే చాలామందికి కొన్ని వారాల్లో నయమవుతుంది. (గర్భిణికి ఇ వస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు.) పెద్దవాళ్లకు కొత్తగా సోకిన బి కూడా నూటికి 95 మందిని దానంతటదే వదిలేస్తుంది. అలాంటివాళ్లకు వైరస్‌ను అణచే ఇంటర్‌ఫెరాన్ సూది వేస్తే చలిజ్వరం, ఒళ్లునొప్పులు, దిగులు కొనిపెట్టినట్టే. రోగం తగ్గాక పేరు మాత్రం నాకే వస్తుంది!

సి దగ్గర లెక్క వేరు. అది ఎక్కువమంది ఒంట్లో తిష్ఠ వేస్తుంది. 2001లో జర్మనీ వైద్యులు కొత్తగా సి సోకిన 44 మందికి ఇంటర్‌ఫెరాన్ ఇచ్చారు. నాలుగు వారాలు రోజూ 50 లక్షల యూనిట్లు, ఆపైన 20 వారాలు వారానికి మూడుసార్లు. 43 మంది రక్తంలో వైరస్ కనిపించలేదు. పాతబడిన సి మీద ఆ ఒక్క మందే వాడితే అయిదుగురిలో ఒకరికి నయమైనా గొప్ప అనుకునే రోజులవి.

ఆ వైద్యులు రాసిన వ్యాసంలో నేను వెతికింది సూది వేయనివాళ్ల సంగతి. అది లేదు, అందరికీ వేశారు. వాళ్లలో కొందరు, ముఖ్యంగా కామెర్లు బయటపడ్డవాళ్లు, సూది లేకపోయినా కోలుకునేవాళ్లే. వాళ్లను తీసేసినా మందుకు దక్కాల్సిన పేరు చాలానే మిగులుతుంది. అయినా ఎవరిని మందు బాగుచేసిందో, ఎవరిని ఒళ్లే బాగుచేసుకుందో తెలియదు. అందుకే తర్వాత్తర్వాత మూడు నెలలు ఆగి, వైరస్ ఇంకా ఉంటేనే సూది మొదలుపెట్టే పద్ధతి వచ్చింది.

ఆగడం అంత తేలిక కాదు. మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు, కాలేయం దెబ్బతింటోందేమోనని రక్తం గడ్డకట్టే సమయం మీద ఓ కన్ను, రోగి మాట తడబడుతోందా, మత్తుగా ఉంటున్నాడా అని ఇంట్లోవాళ్లను అడగడం. "మందే రాయనప్పుడు ఫీజెందుకండీ డాక్టరుగారూ?" అని ఒక పెద్దాయన నవ్వుతూనే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

2015లో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో హెపటైటిస్-సికి సోఫోస్బువిర్ మాత్రలు తెచ్చాయి. కాలేయ వైద్యుల అమెరికా మార్గదర్శకాలు ఇప్పుడు కొత్త సి అయినా ఆగకుండా మాత్రలు మొదలుపెట్టమంటున్నాయి. మేం ఆగింది రోగాన్ని చూసి కాదు, సూది పెట్టే బాధను చూసి. మాత్రలు వేసుకున్నవాళ్లలో తమంతట తామే కోలుకునేవాళ్లు ఎందరో ఇక లెక్క తేలదు. తేలకపోయినా నాకు అభ్యంతరం లేదు.