రూత్ చేసిన పుడ్డింగు

పుడ్డింగు అనగానే మనకి పాలూ, పంచదారా, కస్టర్డు పౌడరూ గుర్తొస్తాయి. ఇంగ్లీషువాళ్లకి మాత్రం అదే పేరుతో ఉప్పూ మిరియాలూ వేసిన మాంసం వంటకం కూడా ఉంది. మైదాపిండిలో పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వుని సన్నగా తరిగి కలుపుతారు. ఆ ముద్దని గిన్నె లోపలంతా పరిచి, గొడ్డుమాంసం ముక్కలు నింపి, పిండితోనే మూత వేస్తారు. కుడుములకి మనం వాసెన కట్టినట్టు గిన్నె మూతికి గుడ్డ కట్టి, గంటలకొద్దీ ఉడికిస్తారు.

మా ఇంట్లో మాంసం గడప తొక్కదు కనక నేనది వండనూ లేదు, తిననూ లేదు. నాకు తెలిసిందల్లా డికెన్స్ నవలలోని పుడ్డింగే.

"మార్టిన్ చజిల్‌విట్" 1843, 44 సంవత్సరాల్లో నెలనెలా భాగాలుగా వచ్చింది. అందులో టామ్ పించ్ చెల్లెలు రూత్ ఒక డబ్బున్నవాళ్లింట్లో పిల్లలకి పాఠాలు చెబుతూ, మాటలు పడుతూ బతుకుతుంటుంది. అది చూసి భరించలేక టామ్ ఆమెని తీసుకొచ్చేస్తాడు. లండన్‌లో ఇజ్లింగ్టన్‌లో చిన్న వాటా అద్దెకి తీసుకుంటారు. మర్నాడు, "ఏం వండను?" అన్న ప్రశ్న వస్తుంది. రూత్ అంతకుముందెన్నడూ చెయ్యని పుడ్డింగుకి పూనుకుంటుంది.

కాలేజీలో చదివినప్పుడు ఈ రూత్ నాకు బొత్తిగా నచ్చలేదు. మరీ పాకంలో ముంచి తీసిన పిల్లలా అనిపించింది. ఈ మధ్య మళ్లీ చదువుతుంటే నాలోని గృహిణికి కోపం కూడా వచ్చింది. పిండికోసం ఒకసారి, గుడ్లకోసం ఒకసారి, వెన్నకోసం, నీళ్లకోసం, చివరికి మిరియాలకీ ఉప్పుకీ కూడా విడివిడిగా ఆ పిల్ల కింది వంటింట్లోకి పరుగెడుతుంది. వెళ్లిన ప్రతిసారీ నవ్వుతుంది! ఒక పళ్లెంలో అన్నీ పెట్టుకొస్తే సరిపోదూ? అన్నగారు కూర్చుని ముచ్చటగా చూస్తుంటాడు. చేతులకి పిండి ఉండగానే అన్నగారి స్నేహితుడు జాన్ వచ్చి చూస్తాడు. నవల చివరికి ఆమెని పెళ్లాడేదీ అతనే. మెట్లెక్కి దిగిన కాళ్ల నొప్పి మాత్రం డికెన్స్‌కి కనపడలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒక్క సంగతి ఆయనకి బాగా తెలుసు. పరాయివాళ్లింట్లో వాళ్లు పెట్టింది తిని, వాళ్లు అన్నది పడిన పిల్లకి, "ఇవాళ నా ఇంట్లో నేనేం వండాలి?" అని తనే నిర్ణయించుకోవడం ఎంత పెద్ద సంగతో ఆయనకి తెలుసు. ఆ నవ్వు అందుకే. అది ఇరవై ఏళ్ల వయసులో నాకు అర్థం కాలేదు.

అయితే వంట సంగతేమిటి? రూత్ మోసుకొచ్చిన వాటిల్లో వెన్న ఉంది, గుడ్లున్నాయి, కొవ్వు లేదు. ఆ గట్టి కొవ్వు ఆలస్యంగా కరుగుతుంది కనకనే పిండి గుల్లగా ఉడుకుతుంది. వెన్నయితే ముందే కరిగిపోతుంది.

దీనికి జవాబు చెప్పింది ఎలైజా ఆక్టన్. 1826లో కవితల పుస్తకం వేసిన ఈవిడ 1845లో వంటల పుస్తకం తెచ్చింది. అందులో మాంసం పుడ్డింగుకి 1 పౌను పిండి, 6 ఔన్సుల కొవ్వు, 1 పౌను మాంసం, మూడున్నర గంటల ఉడుకు అని లెక్క కట్టి ఇచ్చింది. దానికిందనే రూత్ పించ్ పుడ్డింగు! కొవ్వుకి బదులు 6 ఔన్సుల వెన్న వెయ్యండి, 4 గుడ్ల పచ్చసొనలతో గాని 3 నిండు గుడ్లతో గాని పిండి కలపండి, గిన్నెకి వెన్న దట్టంగా పూయండి, ఎందుకంటే పుడ్డింగుని బోర్లించి వడ్డించాలి, అంటుంది. "మీరు తప్పు రాశారు" అనలేదు. రూత్‌ని వెక్కిరించనూ లేదు. ఆ పిల్ల చేసిన వంట నిజంగా కుదిరేటట్టు చేసి, ఆమె పేరే పెట్టింది. ఆ నవల మీద నేను చదివిన విమర్శల్లో ఇంత మర్యాదగలది మరొకటి లేదు.

ఈ మాట అనే అర్హత నాకు లేదేమో. కొన్నేళ్లక్రితం నా నవలలో కథానాయిక హఠాత్తుగా వచ్చిన చుట్టాలకి అరగంటలో గారెలు వండి పెట్టింది. ఒక పాఠకురాలు కార్డు రాసింది: "అమ్మా, పప్పు ఎప్పుడు నానబోసిందండీ?" అని. ఒళ్లు మండి జవాబివ్వలేదు. 'కథంతా వదిలేసి పప్పు పట్టుకుందేమిటి?' అనుకున్నాను. ఆవిడ కథని నాకంటే శ్రద్ధగా చదివిందన్న సంగతి ఆక్టన్‌ని చదివాక గాని తట్టలేదు.

ఆ కార్డు ఇప్పుడు ఎంత వెతికినా దొరకడం లేదు. రెండో ముద్రణలో మాత్రం నా కథానాయిక ముందురోజు రాత్రే పప్పు నానబోసింది.