ఓడినవాడి రెండో రౌండు

చదరంగం మీద మనం మెచ్చుకునే కథలు చాలావరకు నాకౌట్ కథలే. ప్రేమ్‌చంద్ 1924లో రాసిన ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో మీర్జా, మీర్ కత్తులు దూసి ఇద్దరూ చచ్చిపోతారు. 1977లో సత్యజిత్ రాయ్ వాళ్లని బతికించి, మళ్లీ పావులు పేర్పించాడు. కథకన్నా సినిమా నాకు ఎక్కువ నచ్చేది అక్కడే. పరువు పోయాక కూడా ఇంకో ఆట ఉంటుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు జరిగే ఆదివారం టోర్నమెంట్లది రాయ్ దారి. స్విస్ పద్ధతి కదా, ఓడితే ఇంటికి పంపరు. మీ అన్ని పాయింట్లే ఉన్న ఇంకొకరి ఎదుట కూర్చోబెడతారు. మొదటి రౌండు పోగొట్టుకున్న నలభై ఏళ్ల ఉద్యోగి, తనలాగే ఓడొచ్చిన తొమ్మిదేళ్ల పాపతో ఆడాలి. ఆ పాప కాళ్లు నేలకి అందవు. గుర్రాన్ని ముట్టుకున్నాడా, అంకుల్ అయినా సరే, దాన్నే కదపాలి. బయట మెట్ల మీద అమ్మానాన్నలు.

ష్వైగ్ ‘చెస్ స్టోరీ’లో డాక్టర్ బి నాజీల ఒంటరి గదిలో తనతో తనే ఆడుకుని మతి చెదరగొట్టుకుంటాడు. గొప్ప నవలికే. కానీ అతనికి ఎంట్రీ ఫీజు లేదు, సోమవారం స్కూలు లేదు. మన పత్రికలేమో 2002లో గ్రాండ్‌మాస్టరైన హంపి దగ్గరా, 2024 డిసెంబరులో 2801 రేటింగు అందుకున్న అర్జున్ ఎరిగైసి దగ్గరా ఆగిపోతాయి. అదే ఏడాది మార్చి నుంచి ఫిడే 1400కి తక్కువ రేటింగే ఇవ్వడం లేదు. చివరి బోర్డుల వాళ్లకి అంకె కూడా లేదన్నమాట.

పైగా ఇవి ఎక్కువగా రాపిడ్ ఆటలు, ఎత్తులు రాయక్కర్లేదు. పాప గెలిచినా ఓడినా పావులు సర్దేస్తారు. ఆ ఆట ఇంకెక్కడా ఉండదు, ఎవరైనా కథ రాస్తే తప్ప.