యతి తప్పని దేవుళ్లు

ఐస్లాండ్‌లో థోర్, ఓదిన్, ఫ్రేయా అనే పాత దేవతలను మళ్లీ కొలవడం మొదలై యాభై ఏళ్లు దాటింది. ఈ మాట ఎత్తగానే పండితులు పెదవి విరుస్తారు. సుమారు క్రీ.శ. 1000లో ఆ దేశపు సభ క్రైస్తవాన్ని ఒప్పుకుంది, పాత కొలుపులు ఆగిపోయాయి, పూజావిధానాన్ని పూర్తిగా రాసిపెట్టినవాళ్లు లేరు. ఇప్పుడు కొత్తగా అల్లుకుని సంప్రదాయం అంటే నమ్మేదెలా అంటారు. పూజ మట్టుకు వాళ్లన్నది నిజమే. బ్లోత్ అనే ఇప్పటి పూజలో జంతుబలి లేదు. చోటును పవిత్రం చేసి, ఎడ్డా అనే పాత దేవగాథల పద్యాలు చదివి, కొమ్ముపాత్రను చేతులు మార్చుకుంటూ తాగి, కలిసి భోంచేస్తారు. ఆ వరస చాలామటుకు మన కాలంలో కూర్చుకున్నదే. కానీ వాళ్లు తెగిందన్న దారంలో తెగని పోగు ఒకటుంది. అది పద్యం.

1972లో ఈ కొలుపు కోసం ఔసాత్రూ సంఘాన్ని నిలబెట్టి దాని మొదటి పెద్ద పూజారి అయిన స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్‌సన్ పశ్చిమ ఐస్లాండ్‌లోని ద్రాగ్‌హౌల్స్‌లో గొర్రెలు పెంచే రైతు. ఆ కుర్చీ ఆయనకు ఊరికే దక్కలేదు. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 1953లో, రీమూర్ అనే కథాగేయాల ఛందస్సు మీద 450 ఉదాహరణలతో లక్షణగ్రంథం రాసిన మనిషి! సంఘానికి గుర్తింపు కోరుతూ ఆయన మంత్రిగారిని కలిసి వచ్చాక రాజధాని మీద పిడుగులు పడి దీపాలు ఆరిపోయాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో పిడుగుల దేవుడు థోర్‌కే తెలియాలి. 1973లో గుర్తింపు మాత్రం వచ్చింది.

ఆ రీమూర్ ఛందస్సు రుచి తెలుగువాడికి చెప్పడం తేలిక, యతి ఎరిగినవాళ్లం కనక. మామూలు నాలుగు పాదాల పద్యంలో బేసి పాదాన రెండు ఊనిక (నొక్కి పలికే) అక్షరాలు ఒకే హల్లుతో పలకాలి. వాటికి బదులుగా తర్వాతి పాదం మొదటి ఊనిక అదే హల్లుతో లేవాలి. అచ్చులైతే ఏది దేనితోనైనా చెల్లుతుంది. ‘స్ప’, ‘స్త’, ‘స్క’ల దగ్గర మాత్రం బిగింపు ఎక్కువ: ఎవరి జత వారిదే, ఒట్టి ‘స’తో చెల్లదు. పైగా పాదాల చివర అంత్యప్రాస. మన యతిలో హల్లుతోపాటు అచ్చూ కలవాలి, ఆ మేరకు మనదే గట్టి నియమం. కానీ మనకు ఇద్దరి మైత్రి చాలు, వాళ్లకు ముగ్గురు కలవాలి. ఇక స్లెత్తుబోంద్ అనే చిత్రకవిత్వం ఉంది. పద్యాన్ని చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కి చదివినా ఛందస్సూ ప్రాసా చెక్కుచెదరవు. చేయి తిరిగిన కవి అయితే ముందుకు చదివితే పొగడ్త, వెనక్కి చదివితే తెగడ్త!

పాడే తీరు ఇంకా అందం. వాద్యం లేదు, గమకాల ఆర్భాటం లేదు. చిన్న బాణీ ఒకటి, మాట ఊనిక ఎటు లాగితే అటు నడుస్తుంది. పద్యం ముగిసేచోట చివరి స్వరాన్ని గాయకుడు పొడుగ్గా లాగి వదులుతాడు. 1837లో యోనాస్ హాల్‌గ్రిమ్సన్ అనే మహాకవి రీమూర్ కవులను పత్రికలో చీల్చిచెండాడాడు. ఎంత గొప్ప కవి అయినా ఆ విషయంలో నేను ఆయన పక్షం కాదు. శీతాకాలపు రాత్రుళ్లు ఉన్ని వడుకుతూ ఆ పద్యాలు విన్న పల్లె జనమే భాషను మోశారు. 1929లో పుట్టిన ఇదున్ సంఘం 1930లలో పాత గొంతుల్ని రికార్డు చేసి దాచకపోతే ఈ మాత్రమూ మిగిలేది కాదు.

స్వెయిన్‌బ్యోర్న్ ఘనత చూడండి: రేక్యవిక్ పంక్ బ్యాండ్ల మీద 1982లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆ తెల్లగడ్డం ముసలాయనా పద్యం పాడారు. ఆయన ఆసనంలో ఇప్పుడున్న హిల్మర్ ఓర్న్ హిల్మర్సన్ సంగీతకర్త. రీమూర్ గాయకుడు స్తేన్‌దోర్ ఆండర్సన్, సిగుర్ రోస్ బ్యాండ్‌లతో కలిసి 2002లో ఓదిన్ కాకుల మంత్రపద్యాన్ని రాతి ఫలకల వాద్యంతో సహా వేదికెక్కించారు. ఆ పద్యం ప్రాచీనం కాదు, పదిహేడో శతాబ్దపు అనుకరణ అని చాలామంది పండితుల మాట. అయితేనేం? నియమం తెలిసి కట్టినది, నియమం తెలిసిన గొంతు పాడినది. అసలు ఎడ్డా పద్యాలను పదమూడో శతాబ్దంలో తోలుమీద రాసి కాపాడిందీ క్రైస్తవులే. ఆ ప్రతి 1971లో కోపెన్‌హేగన్ నుంచి ఇంటికొచ్చింది, మరుసటేడే ఔసాత్రూ సంఘం పుట్టింది.

నాకు ఒళ్లు మండేది వేరేచోట. డప్పులు బాది, గొంతు బొంగురు చేసి గురగురలాడించి ‘ప్రాచీన వైకింగ్ మంత్రం’ అని అమ్ముతారు. పద్యపాదం ఉండదు, ఊనిక ఉండదు. కప్పుల మీద రూన్ అక్షరాలు, తలమీద వైకింగులు ఎన్నడూ పెట్టని కొమ్ముల టోపీ! ఇంతకన్నా నీచం థోర్ సుత్తిని జాతి అహంకారానికి జెండా చేసుకున్న మూకలు. హిల్మర్ వాళ్లను బహిరంగంగానే ఖండించారు. ఒంటికన్ను ఓదిన్ ఎనిమిది కాళ్ల గుర్రమెక్కి తిరుగుతాడని అక్షరాలా నమ్మనక్కర్లేదని, ఆ కథలు కవితా రూపకాలని కూడా ఆయనే చెప్పారు. దానికి భక్తి చాలదన్నవాళ్లున్నారు. నాకైతే అదే భక్తి.

ఔసాత్రూ సంఘ సభ్యులు ఇప్పుడు 5 వేలు దాటారు. 2015లో రేక్యవిక్‌లో గుడికి భూమిపూజ చేశారు, పని ఏళ్లతరబడి సాగుతూనే ఉంది. గుడి ఆలస్యమైతే కొంపలేమీ మునగవు. అంతమంది సభ్యుల్లో ఇదున్ వారి బాణీలు నేర్చిన గొంతులెన్ని? సంఘం పెద్దలకు నాదొక విన్నపం: పూజారి కావాలని వచ్చినవారి చేత ముందు నాలుగు పాదాల పద్యం ఒకటి కట్టించండి, యతి తప్పకుండా. పాడించి వినండి. రానివాళ్లు ఇంకో ఏడు ఆగి నేర్చుకుని రావచ్చు.