“పాకినది” అను మాట: శోషరస కణుపుల పరిభాషపై విమర్శ

గజ్జలోనో చంకలోనో వాపు పొడచూపినచో “బిళ్ళ కట్టిన”దనుట తెలుగు వాడుక. ఆ బిళ్ళను శాస్త్రరచయితలు కొందఱు లసికాగ్రంథి యనిరి, కొందఱు శోషరస కణుపనిరి. రెండవదియే మేలు. గ్రంథి యనగా సంస్కృతమున ముడియే యైనను, పాఠ్యపుస్తకములలో అది రసమును స్రవించు అవయవమునకు రూఢమైనది. ఇది స్రవించునది కాదు, వడగట్టునది. చెఱకు కణుపు నెఱిగినవానికి ఈ మాట కొత్త కాదు.

చిక్కంతయు క్రియ యందున్నది. కణుపులో అన్యకణములు కనబడినంతనే కేన్సరు “పాకిన”దని వ్రాయుట పరిపాటి యైనది. తళవాయిపురమున తెలుగు చదువు బాలునికి పుస్తకమున “రాచపుండు”, వీధిలో తమిళుల “పుట్రునోయ్” వినవచ్చును. పుట్రు అనగా పుట్ట. ఆ మాటతోనే లోలోపల తొలుచు చెదలు తలపునకు వచ్చును. సూక్ష్మదర్శిని క్రింద విషయమంత సులభము కాదు.

కణుపు పైపొరలో పుట్టుమచ్చ కణములు నిరపాయముగ నుండుట కలదు. స్టూవర్టు, కోప్‌లండు 1931లోనే దీనిని పేర్కొనిరి. ఇవి సామాన్యముగ పొరలోను, పొర నుండి లోనికి దిగు పట్టీలలోను ఉండును. మెలనోమా కణములో, శోషరసముతో వచ్చునవి గనుక, తఱచు పొర క్రింది కాలువలో మొదట చిక్కును. స్త్రీల కటిప్రాంతపు కణుపులలో శైలికలు గల గొట్టములు, చంక కణుపులలో అరుదుగ సహజమైన రొమ్ము కణజాలము కానవచ్చును. కెరాటిన్ పరీక్ష వీనికిని కేన్సరునకును ఒకే రంగు నిచ్చును. అది జాతిని తెలుపును గాని గుణమును తెలుపదు. కావుననే కేంద్రకముల రూపును, విభజనను, నాళము చుట్టు మయోఎపిథీలియల్ కణముల వరుసను చూచి, మొదటి కణితి పలకతో పోల్చవలెను. ఇచ్చట పొరపడినచో ఒకరికి అక్కఱలేని తీవ్రచికిత్స, వేఱొకరికి చికిత్స లేకుండుట.

నిజమైన కేన్సరు కణములందును భేదము కలదు. రొమ్ము కేన్సరులో 0.2 మి.మీ. మించక, 200కు మించని కణములున్న గుంపును కణుపు వ్యాధిగ లెక్కింపరు. ఆపై 2 మి.మీ. వఱకు సూక్ష్మవ్యాప్తి.

సుశ్రుతుని “అధ్యర్బుద”మును మెటాస్టాసిస్‌కు పర్యాయముగ వాడువారు గలరు. ముందున్న అర్బుదముపై పుట్టినదానికి, కంటికి కనబడుదానికి, ఆయన పెట్టిన పేరది. కణమునకు అంటగట్టుట సాహసమే. “ప్రాణాంతకము” అనునదియు ఫలమును చెప్పునే కాని కణస్వభావమును చెప్పదు.

తెలుగు క్రియలే చాలును. పొరలోని పుట్టుమచ్చ కణములు “ఉన్నవి”. సూదిపరీక్ష తరువాత కదలిన కణములు “కొట్టుకొనివచ్చినవి”. పెరుగు గుణము గలిగి స్థానము మార్చిన కేన్సరు మాత్రమే “పాకినది”.