వేలి కొసన ఒక చుక్క

కార్తిక సోమవారం పొద్దున మహేశ్వరం శివగంగ గుడి కోనేటి మెట్ల మీద ఒక పెద్దమ్మ కూలబడింది. మేం అంబులెన్సు దిగేసరికి చుట్టూ జనం. మూతి వంకరపోయింది, కుడి చెయ్యి లేవట్లేదు, మాట ముద్దముద్దగా ఉంది. "పక్షవాతం సారూ, జల్ది తీస్కపోదాం" అని కోడలు ఏడుస్తోంది. నాకూ అలాగే తోచింది. కానీ చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట. జాకెట్టు వీపుకి అతుక్కుపోయి ఉంది.

వేలి కొసన సూది గుచ్చి, చుక్కను స్ట్రిప్పుకి తాకించాను. 38. డెబ్బైకి తగ్గితేనే లో షుగర్ అంటాం. నరంలోకి డెక్స్ట్రోజ్ ఎక్కించాం. కాసేపటికి ఆమె కొంగు సర్దుకుని, "నా దీపం కొండెక్కిందా బిడ్డా?" అంది. ఉపవాసం ఉంది. షుగర్ గోలీ మాత్రం మానలేదు.

ఆ చుక్క విలువ నాకు తప్పు చేశాకే తెలిసింది. ఈ పనిలో చేరిన కొత్తలో తుక్కుగూడ దగ్గర రోడ్డు పక్కన ఒకతను పడి ఉన్నాడు. తిడుతున్నాడు, తోసేస్తున్నాడు. "తాగిండు సార్" అన్నారు. నమ్మాను. ఆస్పత్రిలో నర్సు వేలు గుచ్చేదాకా అతనికి షుగర్ పడిపోయిందని తెలియలేదు. దారిలో పోయిన ఆ అరగంట అతని మెదడుది. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు.

2008లో ఎయిర్‌పోర్టు తెరిచాక ఈ చుట్టుపక్కల రాత్రి డ్యూటీలు పెరిగాయి. ఇన్సులిన్ వేసుకుని, ట్రిప్పు తగిలిందని అన్నం వాయిదా వేసే క్యాబ్ డ్రైవర్లున్నారు. షుగర్ పడిపోతే తాగినట్టు తూలుతారు, ఫిట్స్ రావచ్చు, సొమ్మసిల్లొచ్చు. స్పృహ ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేనివాళ్ల నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. తాళాలు వెతికే బదులు గడియారం చూడండి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటాయంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

చుక్క మామూలు అంకె చూపించి, మూతి వంకరగానే ఉంటే అది పక్షవాతమే అనుకోవాలి. అప్పుడు నేనడిగే మొదటి మాట, "ఆఖరిసారి మంచిగ ఎప్పుడున్నరు?" అని. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకి గడువు మామూలుగా నాలుగున్నర గంటలే. "పొద్దున లేచేసరికి ఇట్లయింది" అంటే, ఆ గంటలు రాత్రి పడుకున్నప్పటి నుంచే లెక్క. ఇంట్లోవాళ్లకి ఆ మాట చెప్పడం నాకెప్పుడూ కష్టమే.

పెద్దమ్మ లేచి కూర్చోగానే ఇంటికి పోతానంది. కోడలూ సరేనంది. "అమ్మా, ఆ గోలీ పొద్దంతా పనిచేస్తూనే ఉంటుంది, ఆస్పత్రిలో ఉండాల్సిందే" అని బతిమాలి ఎక్కించుకున్నాం. తుక్కుగూడ దాటాక మళ్లీ వేలు గుచ్చాను. 61.